మన పద్ధతులు మనకెలా వచ్చాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

సంస్కృతి అంటే పండగలు, పట్టుబట్టలు, పులిహోర అంతేనా?

అవి బయటికి కనిపించేవి. ఈ పేజీలో మాట్లాడుకునేది అంతగా కనిపించని వాటి గురించి. చెప్పులు ఎక్కడ విడవాలి, ఎవర్ని పేరు పెట్టి పిలవకూడదు, పొరపాటున ఎవరికైనా కాలు తగిలితే వెంటనే ఏం చెయ్యాలి, ఎంత దగ్గరగా నిలబడి మాట్లాడాలి, భోజనం చెయ్యమంటే ఎన్నిసార్లు వద్దన్నాక కూర్చోవాలి... వీటన్నిటికీ రూల్సు ఉన్నాయి, ఎక్కడా రాసిపెట్టి మాత్రం లేవు. 1871లో ఎడ్వర్డ్ టైలర్ అనే ఇంగ్లండు మానవశాస్త్రవేత్త సంస్కృతిని నిర్వచిస్తూ జ్ఞానం, నమ్మకాలు, కళ, నీతి, చట్టం, ఆచారం అన్నీ ఒక్క గాటన కట్టేసి, ఇవన్నీ మనిషి సమాజంలో ఒకడిగా ఉండటం వల్ల సంపాదించుకునేవి అన్నాడు. అంటే రక్తంలో వచ్చేవి కావని. తెలుగింట్లో పుట్టిన పాపని నెలల వయసులో నార్వే వాళ్ళకి దత్తత ఇస్తే ఆ పిల్ల అచ్చంగా నార్వే పిల్లలాగే పెరుగుతుంది, ఆవకాయ లేదని దానికి ఏ లోటూ అనిపించదు.

అయితే పుట్టుకతో వచ్చేది ఏమీ లేదంటారా?

ఎందుకు లేదు, బోలెడుంది. ఆకలి, నిద్ర, భయం, పాలు చీకడం ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్చుకునే శక్తి కూడా పుట్టుకతో వచ్చేదే. ఆ శక్తి ఏ వైపు తిరుగుతుందో చుట్టూ ఉన్నవాళ్ళు నిర్ణయిస్తారు. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అచ్చువేసిన ఒక పరిశోధన. ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్ళలోని పసిపిల్లలకి హిందీలోని ట, త శబ్దాలు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు రెండింటి మధ్య తేడా పట్టేశారు. ఏడాది దగ్గరపడేసరికి అదే ఇళ్ళ పిల్లల్లో ఎక్కువమందికి ఆ తేడా వినిపించలేదు, ఎందుకంటే వాళ్ళింట్లో ఎవరికీ ఆ తేడాతో పనిలేదు. మనకి "తాత" అన్నా "టాటా" అన్నా పట్టపగల్లా వేరువేరుగా వినిపిస్తాయి. మాట రాకముందే, నడక సరిగ్గా రాకముందే చెవి ఒక ఊరిదైపోతుందన్నమాట.

ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదే, మరి ఈ పద్ధతులన్నీ ఎలా వచ్చేశాయి?

కూర్చోబెట్టి చెప్పినవి నిజంగానే తక్కువ. ఎక్కువ భాగం చూసి వచ్చినవి, ఇంకొంత భాగం మొహాలు చదివి వచ్చినవి. చంటిపిల్లాడు కొట్లో ఎడంచేత్తో డబ్బులివ్వబోతే తల్లి ఏమీ అనదు, ఆ చెయ్యి మెల్లగా వెనక్కి లాగి కుడిచెయ్యి ముందుకి పెడుతుంది, కొట్టువాడు నవ్వుతాడు, అయిపోయింది పాఠం. (పుట్టు ఎడమచేతివాటం పిల్లల మీద ఈ పాఠం కొంచెం దారుణంగా పడుతుంది, అది వేరే సంగతి.) ఊరికి బయల్దేరుతూ "వెళ్తున్నా" అంటే అమ్మమ్మ మొహం మాడిపోతుంది, "వెళ్ళొస్తా" అంటే వెలుగుతుంది. తెలంగాణ ఇంట్లో అయితే "పోతున్న" కాదు, "పోయొస్త". కారణం ఏమిటో పిల్లాడికి తెలీదు. తెలియనవసరం కూడా లేదు.

అర్థం కాకపోయినా చేసెయ్యడంలో మనిషి పిల్లల్ని మించినవాళ్ళు లేరు. 2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక పెట్టెలో తినేది ఏదో పెట్టి, దాన్ని తీసే పద్ధతి చూపిస్తారు: ముందు పుల్లతో పైన పొడవాలి, తర్వాత పక్కనున్న తలుపు తియ్యాలి. పైన పొడవడం శుద్ధ దండగ, దాని వల్ల ఏమీ కాదు. పెట్టె లోపల ఏముందో కనపడకపోతే చింపాంజీలు కూడా చూపించినట్టే మొత్తం చేశాయి. అదే గాజులా పారదర్శకంగా ఉన్న పెట్టె ఇస్తే చింపాంజీలు ఆ దండగ పని వదిలేసి నేరుగా తలుపు దగ్గరికి వెళ్ళాయి. మూడు నాలుగేళ్ళ మనిషి పిల్లలు మాత్రం అప్పుడు కూడా ముందు పైన పొడిచే తలుపు తీశారు! ఈ కథ వినగానే చింపాంజీయే తెలివైనదనిపిస్తుంది. కానీ ఆలోచించండి, పెరుగు తోడువెయ్యడం, ఆవకాయ పెట్టడం, నాట్లు వెయ్యడం లాంటివన్నీ ప్రతి అడుగుకీ "ఎందుకు" అని అడిగి నేర్చుకోవాలంటే ఒక జన్మ చాలదు. చేసేవాళ్ళని నమ్మి చేసెయ్యడమే మనిషి బలం. అదే నమ్మకంతో పనికిరానివీ, హాని చేసేవీ కూడా లోపలికి వచ్చేస్తాయి, గుమ్మం దగ్గర ఆపేవాళ్ళెవరూ ఉండరు.

అసహ్యం, సిగ్గు లాంటివైనా సహజమే కదా? అవి కూడా నేర్చుకున్నవే అంటే ఎలా నమ్మాలి?

దీనికి ఎక్కడికో పోనక్కర్లేదు, మన వరసలు చూస్తే చాలు.

మీకు నాన్న తమ్ముడి కూతురు ఉంది, అమ్మ తమ్ముడి కూతురు ఉంది. ఇద్దరూ మీకు రక్తసంబంధంలో సమాన దూరం, జన్యువుల లెక్క వేస్తే తేడా రాదు. కానీ బాబాయి కూతురు చెల్లెలు, మేనమామ కూతురు మరదలు. చెల్లెలితో పెళ్ళి అన్న ఊహకే ఒళ్ళు జలదరిస్తుంది, మరదలితో అయితే మేళం పెట్టి చేస్తారు. పిన్ని పిల్లలు అన్నాచెల్లెళ్ళు, మేనత్త పిల్లలు బావామరదళ్ళు. చాలా కుటుంబాల్లో స్వంత అక్క కూతుర్ని మేనమామకి ఇచ్చి చేసిన పెళ్ళిళ్ళు కూడా ఉన్నాయి, అది రక్తం లెక్కలో మరదలికంటే దగ్గర. ఇంకోవైపు ఇంటిపేరు ఒకటే అయితే, వాళ్ళది శ్రీకాకుళం మనది అనంతపురం అయినా, ముత్తాతల దాకా తవ్వినా చుట్టరికం దొరక్కపోయినా, "అన్నాచెల్లెళ్ళ వరస, కుదరదు" అని సంబంధం అక్కడే ఆపేసేవాళ్ళున్నారు.

ఇప్పుడిదే ఉత్తరాదిలో ఒక హిందూ కుటుంబానికి చెప్పి చూడండి. మేనమామ కూతురంటే వాళ్ళకి చెల్లెలే, మన పద్ధతి వింటే వాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. హైదరాబాదులోనే పక్క వీధిలో ముస్లిం కుటుంబాల్లో బాబాయి కూతుర్ని చేసుకోవచ్చు, అది మనకి వింత. అంటే ఒళ్ళు జలదరించడం అబద్ధం కాదు, నటన కాదు, నిజంగానే కడుపులో తిప్పుతుంది, కానీ ఎవరి విషయంలో తిప్పాలో చిన్నప్పట్నుంచీ "అన్న అను", "బావ అను" అని పిలిపించిన పిలుపుల్లోంచి వచ్చింది. 1955 హిందూ వివాహ చట్టం కూడా దగ్గరి చుట్టరికాల్లో పెళ్ళి కూడదని చెబుతూనే, ఆ కుటుంబాల ఆచారం ఒప్పుకుంటే తప్ప అని ఒక సందు వదిలింది. మన మేనరికాలు చట్టబద్ధంగా నిలబడింది ఆ సందులోనే.

అంటే మేనరికం మంచిదనా?

కాదు. ఒకే తాతముత్తాతల నుంచి వచ్చిన లోపమున్న జన్యువు ఇద్దరిలోనూ ఉండి బిడ్డకి రెండువైపుల నుంచీ చేరే అవకాశం పెరుగుతుంది, కొన్ని పుట్టుక జబ్బులు అందుకే వస్తాయి. డాక్టర్లు ఇది దశాబ్దాలుగా చెబుతున్నారు. ఆస్తి బయటికి పోకూడదని, తెలిసిన ఇంట్లో పిల్ల సుఖపడుతుందని మొదలైన అలవాటు అది. ఇప్పుడు చాలామంది అమ్మాయిలకీ అబ్బాయిలకీ బావామరదళ్ళంటే తోబుట్టువుల్లాగే అనిపిస్తున్నారు. ఒకటి రెండు తరాల్లో ఇంత మారడం చిన్న విషయమేమీ కాదు.

తప్పొప్పులు మాత్రం ప్రపంచమంతా ఒకటే ఉండాలి కదా?

కొన్ని ఒకటే, కొన్ని కావు. 1987లో రిచర్డ్ ష్వెడర్, మన్‌మోహన్ మహాపాత్ర, జోన్ మిల్లర్ కలిసి భువనేశ్వర్‌లోనూ, అమెరికాలోని షికాగోలోనూ పిల్లల్నీ పెద్దల్నీ ఒకే రకం ప్రశ్నలడిగి ఆ ఫలితాలు ప్రచురించారు. మాట తప్పడం, ఏ పాపమూ ఎరగని జంతువుని తన్నడం తప్పని రెండుచోట్లా ఒప్పుకున్నారు. కానీ తండ్రి పోయిన మర్నాడు పెద్దకొడుకు క్షవరం చేయించుకుని కోడికూర తిన్నాడంటే భువనేశ్వర్ బ్రాహ్మణ పిల్లలకి అది అన్నిటికంటే ఘోరం. షికాగో పిల్లలకి అది అసలు తప్పుగానే అనిపించలేదు. మన తెలుగు పాఠకులకి ఎటువైపు చెయ్యి లేస్తుందో చెప్పక్కర్లేదు. మైల పట్టే ఇంట్లో పెరిగినవాళ్ళకి అది మర్యాద ప్రశ్న కూడా కాదు, పాపం. మన దగ్గర అన్ని కులాల్లోనూ, అన్ని మతాల్లోనూ ఇది ఒక్కలా ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. పక్కింట్లో ఆ రోజు ఏం వండుకుంటారో మీకు ఘోరంగా కనిపించొచ్చు, వాళ్ళకి మీ లెక్క వింతగా అనిపించొచ్చు.

మా పిల్లలు అమెరికాలో పెరుగుతున్నారు. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలుస్తారు, ప్రతిదానికీ థాంక్యూ అంటారు, ఎదురు మాట్లాడతారు. చెడిపోతున్నట్టేనా?

చెడిపోవడం లేదు, అక్కడి ఊరి నుంచి నేర్చుకుంటున్నారు. మీరు ఇక్కడ నేర్చుకున్నట్టే.

కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ ప్రశ్న చాలామంది చాలా టెన్షన్‌తో అడుగుతారు. ఇక్కడ పెద్దాయన తిడుతున్నప్పుడు తల దించుకుంటే వినయం, కళ్ళలోకి చూస్తే తలబిరుసు. అక్కడ టీచర్ అడుగుతున్నప్పుడు తల దించుకుంటే ఏదో దాస్తున్నాడనుకుంటారు. ఇక్కడ అన్నం వడ్డించిన అమ్మకి థాంక్స్ చెప్తే "ఏంట్రా, నేనేమన్నా పరాయిదాన్నా" అంటుంది. అక్కడ చెప్పకపోతే మొరటువాడు. పిల్లలు ఈ రెండూ నేర్చుకోగలరు, రెండు భాషలు నేర్చుకున్నట్టే, అయితే రెండోది ఎవరితో వాడాలో చూసే అవకాశం వాళ్ళకి దొరకాలి. ఏడాదికోసారి వీడియోకాల్లో "తాతగారికి నమస్తే చెప్పు" అంటే ఏం వస్తుంది?

ఈ తేడాలు వయసుతో పాటు పెరుగుతాయి కూడా. ఇందాక చెప్పిన జోన్ మిల్లరే మైసూరులోనూ షికాగోలోనూ చేసిన ఇంకో పరిశోధన 1984లో అచ్చయింది. తెలిసినవాళ్ళు చేసిన ఒక మంచి పని, ఒక చెడ్డ పని చెప్పి, అలా ఎందుకు చేశారో చెప్పమంది. షికాగో పెద్దవాళ్ళు "వాడి స్వభావం అంత" అనేవైపు మొగ్గారు. మైసూరు పెద్దవాళ్ళు ఆ మనిషి పరిస్థితి, ఉద్యోగం, ఎవరికి ఏమవుతాడు అన్నవి ఎక్కువ చెప్పారు. ఎనిమిదేళ్ళ పిల్లల దగ్గర మాత్రం రెండు ఊళ్ళకీ పెద్ద తేడా లేదు! పెరిగేకొద్దీ తేడా పెరిగింది. కాబట్టి ఎనిమిదేళ్ళ పిల్లని పట్టుకుని "దీనికి మన సంస్కారం రాలేదు" అని బెంగపడటం మరీ తొందర.

ఒక మాట పక్కనుంచి: "మన పద్ధతి" అని మీరు నేర్పబోయేది కూడా మీ జిల్లా, మీ కులం, మీ తరం పద్ధతే. నాన్నని "మీరు" అనే ఇళ్ళున్నాయి, "నువ్వు" అనే ఇళ్ళున్నాయి, ఒకళ్ళని చూస్తే ఇంకొకళ్ళకి ఆశ్చర్యం. రెండూ తెలుగిళ్ళే.

ఇక్కడ క్యూలో దూరేవాడు సింగపూర్‌లో దిగగానే బుద్ధిగా నిలబడతాడు. ఒక్క విమానం ఎక్కితే సంస్కృతి మారిపోతుందా?

మనిషి మారడు, ఎదుటివాళ్ళు ఏం చేస్తారన్న అంచనా మారుతుంది. ఇక్కడ నేను నిలబడితే నా ముందు పదిమంది దూరతారని అతనికి తెలుసు. అక్కడ ఎవరూ దూరరనీ తెలుసు, జరిమానా సంగతీ తెలుసు. స్వీడన్‌లో 1967 సెప్టెంబరు 3 తెల్లవారుజామున దేశమంతా ఎడమవైపు నడపడం మానేసి కుడివైపుకి మారింది. ముందు రోజు ఎడమ కరెక్టు, మర్నాడు కుడి కరెక్టు. అందరూ ఒకేసారి మారతారని అందరికీ తెలియబట్టి సాధ్యమైంది. ఒక్కడే ముందు మారి ఉంటే ఆస్పత్రిలో ఉండేవాడు.

ఎవరికీ ఇష్టం లేని ఆచారాలు కూడా ఎందుకు బతుకుతాయి?

"నలుగురూ ఏమనుకుంటారో" అన్న ఒక్క మాట వల్ల. తమాషా ఏమిటంటే ఆ నలుగురూ కూడా మిగతా నలుగురి గురించి అదే అనుకుంటూ ఉంటారు.

సౌదీ అరేబియాలోని రియాద్‌లో పెళ్ళయిన యువకుల మీద లియొనార్డో బర్‌స్టిన్, మరో ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు, 2020లో అచ్చయింది. ఆడవాళ్ళు బయట ఉద్యోగం చెయ్యడం మీకు ఇష్టమేనా అని గుట్టుగా అడిగితే చాలామంది ఇష్టమే అన్నారు. మీ చుట్టుపక్కలవాళ్ళకి ఇష్టమా అంటే మాత్రం తక్కువమందికే అని అంచనా వేశారు. అంచనా తప్పు. అసలు సంగతి కొందరికి చెప్పేశాక, వాళ్ళల్లో భార్యల కోసం ఉద్యోగ సమాచారం తీసుకోడానికి పేరు నమోదు చేసుకున్నవాళ్ళు పెరిగారు. ఎవరి అభిప్రాయమూ మార్చలేదు, మిగతావాళ్ళ అభిప్రాయం తెలియజేశారంతే.

మన పెళ్ళిఖర్చులు చూడండి. అప్పు చేసి అయిదారు వందలమందికి భోజనాలు పెట్టిన తండ్రిని విడిగా అడిగితే దండగే అంటాడు, వచ్చినవాళ్ళని అడిగితే వాళ్ళూ దండగే అంటారు, తర్వాత వాళ్ళింట్లో పెళ్ళికి ఇంకో రెండు కూరలు ఎక్కువ పెడతారు.

ఇంత గట్టిగా ఉంటే మరి ఎప్పటికైనా మారతాయా?

మారతాయి, తలకిందులుగా కూడా మారతాయి. ఇప్పుడు కట్నం అనాదిగా ఉన్నట్టు మాట్లాడతాం గానీ, పందొమ్మిదో శతాబ్దంలో ఉత్తరాంధ్ర బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు అటు నుంచి ఇటు నడిచేది. పెళ్ళికొడుకే ఆడపిల్ల తండ్రికి సొమ్మిచ్చి పెళ్ళి చేసుకునేవాడు, ముసలివాళ్ళకి పసిపిల్లల్ని అమ్మినంత పనయ్యేది. విజయనగరం మహారాజు ఆనంద గజపతి తీయించిన లెక్కలో విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో ఇలాంటి పెళ్ళిళ్ళు 1034 తేలాయి. ఆ సొమ్ముని కన్యాశుల్కం అనేవాళ్ళు, ఆ దురాచారం మీదే, ఆ పేరుతోనే గురజాడ అప్పారావు నాటకం 1892లో మొదటిసారి ఆడింది. తర్వాత కొన్ని తరాల్లో కన్యాశుల్కం పోయి వరకట్నం వచ్చి కూర్చుంది. రెండూ వాటి కాలంలో "పెద్దల నుంచి వస్తున్న ఆచారం"గానే చెలామణి అయ్యాయి.

చట్టంతో మాత్రం మార్పు రాదు. వితంతు వివాహాన్ని చట్టం 1856లోనే ఒప్పుకుంది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న, అంటే చట్టమొచ్చిన పాతికేళ్ళకి. ఆ మధ్యకాలమంతా అడ్డుపడింది వెలి భయం. వెలేస్తే పురోహితుడు రాడు, వంటమనిషి రాడు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేస్తారు, పిల్లలకి సంబంధాలు రావు. ఆ పెళ్ళిళ్ళకి వంటవాళ్ళు దొరక్కపోతే భార్య రాజ్యలక్ష్మమ్మ తనే వండింది, కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య డబ్బిచ్చారు. ఉపన్యాసాలు వినడానికి వచ్చినవాళ్ళు ఎందరో ఉండి ఉంటారు, భోజనానికి కూర్చుని వెలిని నెత్తిమీద వేసుకున్నవాళ్ళే ఆ పని ముందుకి నడిపారు.

చడీచప్పుడు లేకుండా మారేవీ ఉన్నాయి. భర్త పేరు పలకని ఆడవాళ్ళ మనవరాళ్ళు ఇవాళ మొగుణ్ణి పేరుతో పిలిచి కేకలేస్తున్నారు. నైటీ వేసుకుని, పైన ఒక తువ్వాలు కప్పుకుని కూరగాయల బండి దగ్గరికి రావచ్చని ఎవరు ఎప్పుడు తీర్మానించారో గానీ, తీర్మానం మాత్రం అమలవుతోంది. ఆ తువ్వాలు ఎందుకో ఎవరినైనా అడిగి చూడండి, "ఊరికే" అంటారు.

అయితే ఎవరి పద్ధతి వాళ్ళకి కరెక్టు అని వదిలెయ్యాలా?

వదలక్కర్లేదు. అర్థం చేసుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. టీ కొట్లలో దళితులకి వేరే గ్లాసు పెట్టే పద్ధతి కూడా నేర్చుకున్న ప్రవర్తనే. ఏ గ్లాసు ఎవరిదో, అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కింద నిలబడాలో ఆ ఊరి పిల్లలు చెయ్యి వెనక్కి లాగించుకుంటూ, మొహాలు చదువుకుంటూనే నేర్చుకున్నారు. జోగినిగా చేసిన అమ్మాయికి కూడా అది దేవుడి పేరుతో వచ్చిన ఆచారమనే చెప్పారు. దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం తేవాల్సి వచ్చింది. నా వరకు నేను చూసేది, ఆ పద్ధతి ఖర్చు ఎవరు భరిస్తున్నారు, కాదనే హక్కు వాళ్ళకి ఉందా అని. కుడిచేత్తో ఇమ్మంటే పోయేదేమీ లేదు. ఇంకో గ్లాసులో తాగమంటే మనిషిని తక్కువ చేసినట్టు.

"ఇది మా సంస్కృతి" అని గట్టిగా అనేవాళ్ళు సాధారణంగా దాని వల్ల నష్టపోయేవాళ్ళు కాకపోవడం కూడా గమనించండి.

మేం కట్నం వద్దనుకున్నాం. అవతలివాళ్ళే "మా మర్యాద కోసం ఇస్తాం" అంటున్నారు. ఏం చెయ్యాలి?

1961 చట్టం ప్రకారం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే, కానీ చట్టం పేరెత్తితే సంబంధం చెడుతుందని మీ భయం, అర్థమైంది. వాళ్ళ ఇబ్బంది కూడా మీ ఇబ్బందే: ఇవ్వకపోతే పిల్లలో ఏదో లోపముందని చుట్టాలు అనుకుంటారేమోనని. కాబట్టి వాళ్ళ చెవిలో గుట్టుగా వద్దని చెప్పి లాభం లేదు. మాటలు కలుపుకునే రోజున, రెండువైపులా పెద్దలు కూర్చుని ఉండగా, పెళ్ళికొడుకు తనే నోరు తెరిచి "మేం తీసుకోం, పొలంగా గానీ బంగారంగా గానీ కారుగా గానీ వద్దు" అని అందరికీ వినపడేలా చెప్పాలి. తల్లిదండ్రుల చేత చెప్పించి తను పక్కన ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే, ఇదేదో బేరంలో మొదటి మాట అనుకుంటారు.